నేను కోసిన తీగ ముక్కలు

నన్ను పనిలోంచి తీసేశారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఉద్యోగపు జ్ఞాపకాలు రాసే పెద్దలు ప్రమోషన్లతో మొదలుపెట్టి శాలువాలతో ముగిస్తారు. నాకు శాలువా కప్పినవాళ్లు లేరు. తీసేసిన రోజు మాత్రం ఒకటుంది. దాని గురించి నాకు అప్పుడు సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు. కొత్తగా పనుల్లో చేరుతున్న మా వాళ్ల ఆడపిల్లలు "మాకు బయంగా ఉండాది అత్తా" అని వచ్చినప్పుడల్లా ఈ సంగతి నోటితో చెబుతూ వచ్చాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఈ వయసులోనూ చెయ్యి వణక్కుండా రాయనిస్తున్నందుకు ఆ స్వామికి దండం.

నేను బడికి పోలేదు. మా నాన్నకు కోయంబత్తూరు దగ్గర కినత్తుకడవులో కొబ్బరికాయల అంగడి. పొద్దున్నే అంగడి తెరిచేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. తెలుగు అక్షరాలు. మేము తరతరాలుగా తమిళనాట ఉన్న తెలుగువాళ్లం, చుట్టుపక్కల ఎక్కడా వాటితో పనిలేదు. బస్సు బోర్డు తమిళం, రేషన్ కార్డు తమిళం. "వీటితో ఏం చేసుకునేది నాన్నా?" అంటే, "మన ఇంట్లో మాటకు ఒక రూపం ఉండాదని నీకన్నా తెలియాల పాపా" అనేవాడు. తమిళం చదవడం తరవాత నేనే బోర్డులు చూసి నేర్చుకున్నాను.

అక్షరాలతోపాటు నాన్న ఇంకొకటి నేర్పాడు. పళనికి పోయే యాత్రికులు మా అంగడి దగ్గర ఆగేవాళ్లు. స్వామికి కొట్టే కాయను ఏరి ఇవ్వడం నా పని. మచ్చ ఉండకూడదు, నెర్ర ఉండకూడదు, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు పలకాలి. దెబ్బతిన్న కాయ మన ఇంటి చట్నీకి పోతుంది. స్వామికైనా, చుట్టానికైనా, పెద్దమనిషికైనా గడప దాటి వెళ్లేది మేలైనదై ఉండాలి. మా ఇళ్లలో ఇది ఎవరూ నోటితో చెప్పరు. అందరూ చేస్తారు.

పెళ్లయి కోయంబత్తూరు వచ్చాక మిల్లులో రీలింగ్ సెక్షన్‌లో చేరాను. నూలును చిలపలుగా చుట్టే పని. ఎక్కడ పోగు తెగిందో కంటికంటే ముందు వేలికి తెలియాలి. పన్నెండేళ్లు చేశాను. ఒక రోజు పొద్దున సంగు, అదే మిల్లు సైరన్, ఊదింది, మేమంతా లోపలికి పోయాము, రీళ్లు మాత్రం తిరగలేదు. ఆ సెక్షన్ మూసేశామన్నారు. అంతే. అప్పుడు నన్ను ఆదుకున్నది మా మామ, అమ్మకు తమ్ముడు. అదే ముదలాళికి, అంటే మిల్లు యజమానికి, ఊరి బయట పాత పత్తి గోదాములో ఇంకో పని మొదలైంది. మామ అక్కడ మేస్త్రీ. తన మాట మీద నాకు అక్కడ పని ఇప్పించాడు. ఆ రుణం నేను ఎప్పుడూ కాదనలేదు, ఇక్కడా కాదనను.

ఆ గోదాములో చేసేది ఉక్కు కేబుళ్లు. ఎక్కడో దూరపు కొండల్లో, లోతైన లోయ మీదుగా హైవే వంతెన ఒకటి కడుతున్నారు. కింద స్తంభాలు నిలబెట్టడానికి వీల్లేనంత లోతు. అందుకని లోయకు ఇటూ అటూ రెండు ఎత్తయిన గోపురాల్లాంటివి లేపి, వాటి తలల నుంచి ఏటవాలుగా కేబుళ్లు దించి, ఆ కేబుళ్లతో రోడ్డును పట్టుకుంటారు. దాని పటం ఆఫీసు గోడమీద ఉండేది. నాతో పనిచేసే అక్క దాన్ని మొదటిసారి చూసి, "ఇది వంతెనా? ఎవుతో పడుగు ఆరేసుకుంటే దాని మీద లారీలు తోలినట్టుండాదే!" అంది. అక్కది మదురై పక్క. మా వాళ్లే. నాకంటే పదేళ్లు పెద్ద. ఆమె నోటికి మేస్త్రీలు కూడా భయపడేవాళ్లు.

ఒక్కో కేబుల్‌లో చిటికెన వేలికంటే సన్నటి తీగలు ఎన్నో పక్కపక్కనే పడుకుని ఉంటాయి. ఆ తీగ పెద్ద పెద్ద చుట్టలుగా వచ్చేది. చుట్ట విప్పి, మిల్లు దూదితో తుడిచి, ప్రతి చుట్టలోంచి మూరెడు ముక్క కోసి, చీటీ కట్టి, టెస్టు గదికి పంపడం నా పని. అక్కడ మిషన్‌లో పెట్టి తెగేదాకా లాగుతారు. వైసులో పట్టి విరిగేదాకా అటూ ఇటూ వంచుతారు. ముక్క తట్టుకుంటే చుట్ట మొత్తం పాసయినట్టే.

"ఒక్కొక్క చుట్టకు ఒక ముక్క కొయ్యి" అన్నారు. చుట్టలో ఎక్కడ కొయ్యాలో ఎవరూ చెప్పలేదు. తీగ కొనలు ఎప్పుడూ గీతలు పడి, తుప్పెక్కి ఉండేవి. అలాంటిది తీసుకుపోయి చదువుకున్న సార్ల చేతిలో ఎలా పెడతాను? కొన వదిలేసి, వేలు పెట్టి తడుముకుంటూ పోయి, నున్నగా, మచ్చలేకుండా ఉన్న చోటు చూసి కోసేదాన్ని. కాస్త కొబ్బరినూనె కూడా రాసేదాన్ని. రెండు చేతులతో పట్టుకెళ్లి బల్ల మీద పెట్టేదాన్ని. నా ముక్క ఒక్కటీ ఫెయిల్ కాలేదు. వంతెన కట్టేవాళ్ల తరఫున వచ్చే ఇన్స్పెక్టర్ గారు ఇంత మంచి ఫలితాలు తాను ఇంకెక్కడా చూడలేదన్నారట. మేనేజర్ ఆ సంతోషంలో అందరికీ లడ్డూలు పంచాడు. నేను ఇంటికి వచ్చి స్వామి ముందు కర్పూరం వెలిగించాను. 

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అక్క తన సంచిలోంచి రెండు తీగ తుంటలు తీసి నా ముందు పడేసింది.

"ఏమే, నీ వంతెన తీగ ఇంత లచ్చణంగా ఉండాది!"

"ఏమాయె అక్కా?"

"బావి చేదకు కొక్కెం కావాలని, నువ్వు పారేసిన తుంట ఒకటి మేస్త్రీని అడిగి ఎత్తుకోని పోతిని కదా. మీ బావ సైకిల్ అంగడిలో వైసుకు పట్టి ఒక్క వంపు వంచినాడు. పటక్కని విరిగిపోయె. 'దీనికి బకెట్ తగిలిస్తే బకెట్ బావిలో ఉంటాది, దీన్ని నమ్మి బస్సు ఎట్ల పోతాదీ' అని నన్ను చూసి ఒకటే నగు. మొగుడి ముందర నా మానం పోయె, పో."

"అది కొన ముక్క అక్కా. తుప్పుది. అందుకే పారేసింది. టెస్టుకు నేను మంచిది చూసి కదా కోసేది."

"మంచిది చూసి అంటే?"

"నున్నగా ఉండేచోట. మచ్చ లేనిచోట."

అక్క పెరుగన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుంది. "శరి. మచ్చ ఉండే చోటు చుట్ట లోపల ఇంకెంత ఉండాదో చూసినావా?"

చూడలేదు. తుప్పు తగిలినచోట వేలు దాటించుకుని పోవడమే నాకు అలవాటు.   డబ్బా మూసి లేచాను. ఆ మధ్యాహ్నమంతా, టెస్టుకు పాసయి కేబుల్‌లోకి పోవడానికి సిద్ధంగా ఉన్న చుట్టలను ఒక్కొక్కటీ తడిమాను. చాలావరకు బాగానే ఉన్నాయి. ఉత్తరపు గోడ పక్కన, వానలకు కప్పు కారినచోట పెట్టిన చుట్టలు మాత్రం లోపల్లోపల గరుకు గరుకుగా, అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడి ఉన్నాయి. అలాంటి చుట్టల్లోంచి కూడా నేను ఎంతో శ్రద్ధగా నున్నటి ముక్క వెతికి పంపాను. ఆ చోటులో ముందు పెట్టిన చుట్టలు అప్పటికే కేబుళ్లలోకి పోయాయి.

సాయంత్రం మామను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన ముఖం తెల్లబోయింది.

"ఎవురికన్నా చెప్పినావా?"

"అక్కకు తెలుసు."

"ఆమెతో నేను చెప్పుకుంటాను. రేపట్నించి కొనలోనే కొయ్యి. తీరిపోయె."

"మరి ఇన్నాళ్లు కోసింది?"

"అది అయిపోయె కదా పాపా! టెస్టు గదిలో సంతకాలు అయిపోయె, కేబుల్ కట్టడం అయిపోయె. శుక్రవారం లారీ పోతాది, నల్ల నేరం, మంచి గడియ కూడా చూసి పెట్టుండారు. ఇప్పుడు పోయి నేను తప్పు కోసినాను అంటే ఏమవుతాదో తెలుసునా? నీకు ఈ పని, ఈ వేల పోతాది. నీకు వేల ఇప్పించినందుకు నాకూ పోతాది. గమ్మునుండు."

గమ్మునుండటం నాకు చేతకాని విద్య కాదు. పన్నెండేళ్లు మిల్లులో ఉన్నదాన్ని. మరుసటి రెండు రోజులూ గమ్మునే ఉన్నాను. పొద్దున దీపం పెట్టి స్వామితో మాత్రం వాదించాను. మేలైనదే ఇచ్చాను కదా, నాన్న నేర్పినట్టే చేశాను కదా, ఇందులో నా తప్పేమిటని అడిగాను. ఆయన ఎప్పుడూ జవాబు చెప్పడు. నా ప్రశ్ననే నాకు మళ్లీ మళ్లీ వినిపిస్తాడు. మూడోసారి విన్నప్పుడు అది నాకే తప్పించుకునే మాటలా తోచింది. కాయ బాగుందా లేదా అని దేవుడు పరీక్ష పెట్టడు. టెస్టు గది పెట్టినదే అందుకు. నేను ఆ గదిని గుడి అనుకున్నాను. అది నా పొరపాటు, మా ఇంటి పొరపాటు. దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టను. అలాగని దాచిపెట్టనూ లేను.

శుక్రవారం పొద్దున లారీ మీద పెద్ద పెద్ద చక్రాలకు చుట్టిన కేబుళ్లు ఎక్కించారు. బంతిపూల దండలు, టైర్ల కింద నిమ్మకాయలు, దిష్టికి గుమ్మడికాయ. మేనేజర్ కొత్త చొక్కా తొడుక్కొచ్చాడు. ఇన్స్పెక్టర్ గారు కూడా వచ్చారు. నెరిసిన జుట్టు, చేతిలో గొడుగు. ఆంధ్ర దేశం నుంచి వచ్చిన మనిషి అని అప్పటికి నాకు తెలుసు. మేనేజర్‌తో ఇంగ్లీషులో మాట్లాడేవారు. మేనేజర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. నేను కొంగు దోపుకుని నేరుగా ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"అయ్యా, ఒక మాట చెప్పాల."

"అరె, తెలుగువారా మీరు?" అన్నారాయన, ముఖం విప్పారుతూ.

"ఈ ఊరివాళ్లమే అయ్యా. ఇంట్లో తెలుగు." ఆ వెంటనే, ధైర్యం చల్లారిపోకముందే, మొత్తం చెప్పేశాను. కొన వదిలింది, నున్నటి చోటు వెతికింది, నూనె రాసింది, ఉత్తరపు గోడ, గుంటలు, అన్నీ.

మేనేజర్ మామ వైపు తిరిగి, ఈమె ఏమంటోందని తమిళంలో అడిగాడు. పాపం మామ. నేను చెప్పిన ప్రతి మాటా ఆయన విన్నాడు. నుదుటి చెమట తుడుచుకుని, "ఏం లేదు సార్. వంతెన చల్లగా ఉండాలని మొక్కుకుందట, అది చెబుతోంది" అని తమిళంలో జవాబిచ్చాడు. మేనేజర్‌కు ఎంత ముచ్చటేసిందంటే, మొదటి కొబ్బరికాయ ఆమె చేతనే కొట్టించండి అన్నాడు. అక్క వెనకనుంచి నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"నేను చెప్పింది అది కాదు మామా," అని, మేనేజర్ వైపు తిరిగి అదంతా మళ్లీ తమిళంలో చెప్పాను. నాకు తమిళం ఏం కరువు? మామ చేతిలోంచి హారతి పళ్లెం పక్కవాళ్లు అందుకున్నారు, లేకపోతే కిందపడేదే.

ఇన్స్పెక్టర్ గారు గొడుగు ముడిచారు. "ఎన్నాళ్ల నుంచి ఇలా కోస్తున్నారు?"

"మొదటి చుట్ట నుంచి."

"ఎవరైనా చెప్పారా ఇలా కొయ్యమని?"

"లేదయ్యా. ఒకరికి ఇచ్చేది మా ఇండ్లలో అట్లనే ఇస్తాము."

 "మీ మీద మీరే ఫిర్యాదు చేసుకుంటున్నారు. తెలుసా అమ్మా?"

"తెలుసు."

మేనేజర్ అందుకున్నాడు. టెస్టు కాగితాలన్నీ సంతకాలతో సిద్ధంగా ఉన్నాయన్నాడు. మంచి ఘడియ దాటిపోతోందన్నాడు. చదువులేని ఆడమనిషి మాట పట్టుకుని లారీ ఆపుతారా అన్నాడు. చివరిదాన్ని మాత్రం నాకు అర్థం కావాలని తమిళంలో అన్నాడు. ఇన్స్పెక్టర్ గారు ఒక్క మాట అన్నారు. "దించండి."

"ఈమెను ముందు బయటికి పంపించు!" అని మామ మీద అరిచాడు మేనేజర్.

"పోతాను సార్. కేబుళ్లు దిగినాక పోతాను," అన్నాను.

క్రేన్ ఆ చక్రాలను దించేసరికి సంగు రెండుసార్లు ఊదింది. నేను కదల్లేదు. అక్క తన పని వదిలేసి, ఒక ఖాళీ డబ్బా తెచ్చి నా పక్కన బోర్లించింది. "నిలబడి నిలబడి కాళ్లు లాగుతాయి, కూచో. మేనేజర్‌ను ఎదిరించడానికి నిలబడాలని రూలేమీ లేదు," అంది. ఆ డబ్బా మీద కూర్చుని చూశాను చివరి చక్రం దిగేదాకా.

ఆరు రోజులు అన్నీ మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి ఇన్స్పెక్టర్ గారు తన ఎదుటే, చెడ్డగా కనిపించిన చోటల్లా కోయించారు. చాలా చుట్టలు నిలబడ్డాయి. గోడ పక్కవి నిలబడలేదు. లారీ ఎక్కిన కేబుళ్లలో రెండింటిలో ఆ తీగలే ఉన్నాయి. ఆ రెంటినీ విప్పేశారు. అవి అలాగే పోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఏళ్లతరబడి ఏమీ కాకపోవచ్చునని తెలిసినవాళ్లు నాతోనే అన్నారు. ఆ 'కాకపోవచ్చు' మీద మనుషులతో నిండిన బస్సును నేనైతే నడిపించలేను.

చాలా ఏళ్ల తరవాత తీర్థయాత్రకు పోతూ ఆ వంతెన మీదుగా వెళ్లాను. బస్సులో అందరూ కిటికీలోంచి లోయను చూస్తున్నారు. నేను మాత్రం తల పైకెత్తి కేబుళ్లను చూశాను. ఏవి మా గోదామువో గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టనక్కర లేకుండా చేసినందుకు స్వామికి అక్కడే, బస్సులోనే దండం పెట్టుకున్నాను. పక్క సీటులో ఆవిడ నాకు భయం వేసిందనుకుని నా చెయ్యి పట్టుకుంది.

సరే, మళ్లీ ఆఫీసు సంగతికి వస్తాను. పరీక్షలు ముగిసిన మర్నాడు మేనేజర్ గదికి పిలిచారు. మామ కూడా ఉన్నాడు. బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం, దాని పక్కన వేలిముద్రకు సిరా డబ్బా. సొంత ఇష్టంతో పని మానుకుంటున్నానని అందులో రాసి ఉందట. నిజం చెప్పినందుకు తీసేస్తే ఇన్స్పెక్టర్ ఊరుకోడు. అందుకని ఈ దారి.

"నాకు ఇష్టం లేదే," అన్నాను. "ముక్క తప్పుచోట కోసింది నేనే. దానికి తీసేస్తే తీసెయ్యండి. అట్లని రాయండి. నా ఇష్టం అని రాస్తే ఒప్పుకోను."

"నీకు చదవను రాదు, ఏం రాస్తే నీకేం?" అన్నాడు మేనేజర్.

సిరా డబ్బాను వెనక్కి నెట్టి, తెల్ల కాగితం అడిగాను. ఆశ్చర్యపడి ఇచ్చాడు. బల్ల అంచు మీదే, నాన్న దిద్దించిన అక్షరాలతో రాశాను. ఈ గోదాములో మా మామ నాకు పని ఇప్పించాడు, అందుకు కృతజ్ఞురాలిని. ముక్కలు మంచిచోట మాత్రమే కోశాను, అది తప్పు. తెలిసిన తరవాత చెప్పాను, అది తప్పు కాదు. నన్ను తీసేస్తున్నారు, నేను మానుకోవడం లేదు. కింద సంతకం. మేనేజర్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చదవమని మామకు ఇచ్చాడు.

"సార్, మాట్లాడేది వస్తాది. చదివేది రాదు," అన్నాడు మామ తల దించుకుని.

ఎవరూ చదవలేని ఆ కాగితం ఫైలులోకి పోయింది. నేను గేటు దాటాను.

నలభై రోజులు ఇంట్లో ఉన్నాను. మామ పెళ్లాం, మా అత్త, నాతో మాటలు మానేసింది. మామ మా వీధి గుండా పోవడం మానేశాడు. నన్ను చూసి "వంతెన ఆపిన అమ్మ" అని కొందరు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. అది తక్కువ దయా?

నలభై ఒకటో రోజు పొద్దున మామ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"పాపా, ఆ పేపర్లో నా గురించి ఏమి రాసినావు?"

"నువ్వు వేల ఇప్పించినావని రాసినాను మామా."

"అంతేనా? నేను మార్చి చెప్పింది?"

"అది రాయలే."

లోపలికి వచ్చి కూర్చుని మజ్జిగ అడిగాడు. గ్లాసు ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు. ఆ తరవాత చెప్పాడు. ఇన్స్పెక్టర్ గారు ఫైలు తెప్పించుకున్నారట. నా కాగితాన్ని రెండుసార్లు చదివారట. ఇకమీదట ముక్కలు కోసే మనిషి గోదాము మనిషి కాకూడదని, వంతెన కట్టేవాళ్ల మనిషి అయి ఉండాలని షరతు పెట్టారట. ఆ మనిషి నేనేనట. "మేనేజర్ ముఖం నువ్వు చూడాల్సింది," అన్నాడు మామ. చాలా రోజుల తరవాత ఆయన నవ్వగా చూశాను.

సోమవారం అదే గేటులోంచి లోపలికి వెళ్లాను. మొదటి చుట్ట విప్పాను. వేలు పెట్టి మెల్లగా తడుముతూ పోయి, అన్నిటికంటే గరుకుగా, ఎర్రగా, చూడబుద్ధి కాకుండా ఉన్న చోట ఆగాను. అక్కడ కోశాను. నూనె రాయలేదు. చీటీ కట్టి, ఎప్పటిలాగే రెండు చేతులతో పట్టుకుని టెస్టు గదికి నడిచాను. గుమ్మంలో మేనేజర్ ఎదురయ్యాడు. నా చేతిలోని ముక్కను చూసి ముఖం చిట్లించాడు.

"ఇంతకంటే మంచి ముక్క దొరకలేదా?"

"ఉండాది సార్," అన్నాను. "అది వంతెనకు."